ఎర్తు తీగ ఎక్కడికి పోయింది?

(పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీల్లో చేరిన మన పిల్లల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



"మాది సివిలు సార్, ఈ బేసిక్ ఎలక్ట్రికల్ మాకెందుకు, పాసైతే చాలు" అంటున్నారు మీలో కొందరు. మీరు కట్టే ఇంట్లో కరెంటు ఉండదా? మెకానికల్ వాళ్ళు మోటారును చేత్తో తిప్పుతారా? మొదటి పాఠం ఓమ్ సూత్రం. ఓల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. దాన్ని బట్టీ పట్టకండి, మన ఇంట్లో ఇనుప కూలరు మీద పెట్టి చూడండి.

ఇంటికొచ్చేది 230 ఓల్టులు. లోపల ఫేజు తీగ తోలు ఊడి రేకుకు తగిలింది. అమ్మ తడి చేత్తో ముట్టుకుంది. తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే ఒంట్లోంచి పోయేది 0.23 ఆంపియరు. ఫ్యూజు 5 ఆంపియర్లది, అదెందుకు కాలుతుంది? గుండె ఆగడానికి మాత్రం 0.1 చాలు. ఫ్యూజు కాపాడేది తీగల్ని. మనిషి కోసం ఉన్నది ఎర్తు, ప్లగ్గులో ఆ లావు పిన్ను. ఎర్తు దారి మొత్తం 5 ఓములే ఉంటే 46 ఆంపియర్లు ఒక్కసారి పారి ఫ్యూజు ఎగిరిపోతుంది, రేకులో కరెంటు ఉండదు. అదే ఎండాకాలం గుంట ఎండి 100 ఓములైతే? 2.3 ఆంపియర్లే. ఫ్యూజు కదలదు, రేకులో కరెంటు అట్లాగే కూర్చుని ఉంటుంది. గుంటలో బొగ్గూ ఉప్పూ వేసి నీళ్ళు పొయ్యమనేది అందుకే, శాస్త్రానికి కాదు.

మన వాడల్లో సాకెట్టుకు మూడు రంధ్రాలుంటాయి, వెనక మూడో తీగ ఉండదు. గుంట తియ్యకుండానే బిల్లు ఎత్తుకుపోయే కాంట్రాక్టరును అడగాలంటే ముందు మనకు తెలియాలి గదా. రేపు ఎం.బుక్కులో కొలతలు రాసి సంతకం పెట్టే సివిలు ఇంజనీరు మీరే.

ఆర్.సి.సి.బి. అని ఒకటుంది. పోయే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ సమానమా కాదా అని చూస్తుంటుంది. ఇళ్ళకు పెట్టే రకం 0.03 ఆంపియరు తేడాకే రెప్పపాటులో లైను తెంపుతుంది. ఎం.సి.బి.ని చూసి ఇదే అనుకోకండి, అది ఫ్యూజుకు తమ్ముడు. దీనికి టెస్టు బటను ఉంటుంది, నొక్కితే టక్కున పడిపోవాలి. సెలవులకు వచ్చినప్పుడు వైరింగు తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని ముందు బడికి పోండి, తర్వాత అంగన్‌వాడీకి. మెయిను ఆపించి సాకెట్టు విప్పించండి, మూడో తీగ ఉందో లేదో కళ్ళతో చూసి రాసుకుని రండి.