ఖాళీ గడి ప్రశ్న: వైద్య, పర్యావరణ అంచనాలలో డేటా మైనింగ్ (అధ్యక్షోపన్యాసం)

డేటా మైనింగ్, అంటే పోగుపడిన దత్తాంశ రాశిని కంప్యూటరుతో గాలించి, అందులోని సంబంధాలను పట్టుకుని, వాటి ఆధారంగా జరగబోయేదాన్ని అంచనా కట్టే పద్ధతి, వైద్యానికీ పర్యావరణ శాస్త్రానికీ ఎంత అవసరమో ఈ సదస్సు ప్రతినిధులకు వేరే చెప్పనక్కరలేదు. 1984లో బ్రైమన్ బృందం వెలువరించిన నిర్ణయవృక్షాల గ్రంథం, 1994లో అగ్రవాల్, శ్రీకాంత్ ప్రకటించిన అప్రియోరి పద్ధతి, 2001లో బ్రైమనే అందించిన రాండమ్ ఫారెస్ట్ అందరికీ కంఠోపాఠాలే. వీటిలో ఏది మేలన్న తగవు ఇలాంటి వేదికల మీద ఏటేటా సాగుతూనే ఉంది. అధ్యక్షస్థానం నుంచి ఇప్పుడు లేవనెత్తుతున్న ప్రశ్న అంతకన్నా ముందుది, చాలామందికి రుచించనిది: పట్టికలోని ఖాళీ గడిని ఏం చేశారు?

ఇది గుమాస్తాల ప్రశ్న అని తోసిపుచ్చేవారు, మధుమేహ అంచనాల మీద లెక్కలేనన్ని వ్యాసాలకు ముడిసరుకైన పీమా పట్టికను ఒకసారి తెరిచి చూడాలి. అమెరికాలోని అరిజోనాలో పీమా తెగకు చెందిన, 21 ఏళ్లు నిండిన 768 మంది స్త్రీల వివరాలు అందులో ఉన్నాయి. వారిలో 35 మందికి రక్తపోటు సున్నా, 227 మందికి చర్మపు మడత మందం సున్నా, 374 మందికి, అంటే దాదాపు సగం మందికి, ఇన్సులిన్ సున్నా. రక్తపోటు సున్నా అయిన మనిషికి ముందుముందు మధుమేహం వస్తుందా అని ఏ యంత్రాన్నీ అడగనక్కరలేదు. అవి కొలిచిన సున్నాలు కావు, కొలతే లేని గడులు. పైగా 500 మందికి జబ్బు లేదు కాబట్టి, అందరికీ కళ్లు మూసుకుని ‘లేదు’ అని చెప్పినా నూటికి 65 అంచనాలు సరిపోతాయి. ఆ 65 మీద మరికొన్ని పాళ్లు కలిపి, సున్నాలను సున్నాలుగానే యంత్రానికి మేపి, కొత్త పద్ధతి కనిపెట్టామని చాటుకునేవారు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లోనే కాదు, పేరున్న పత్రికల్లోనూ కనిపిస్తారు. పంచ్‌కార్డుల కాలంలో పనిచేసిన తరానికి ఈ జాడ్యం కొత్తేమీ కాదు. కార్డు మీద వదిలేసిన స్థానాన్ని నాటి ఫోర్ట్రాన్ సున్నాగా చదివేది, అందుకే జాగ్రత్తపరులు కొలత లేనిచోట 999 వంటి అసాధ్యపు అంకె వేయించేవారు. కంప్యూటర్లు ఎన్నో రెట్లు ఎదిగాయి గాని ఆ జాగ్రత్త మాత్రం తరిగిపోయింది.

గడి ఖాళీగా ఉండడం కన్నా ప్రమాదకరమైనది, ఉండవలసిన నిలువు వరుసే లేకపోవడం. 1990లలో అమెరికాలో న్యుమోనియా రోగులలో ఎవరికి ప్రాణాపాయమో అంచనా కట్టబోయినప్పుడు, ఉబ్బసం ఉన్నవారికి ముప్పు తక్కువన్న సూత్రం బయటపడింది. దత్తాంశం అబద్ధమాడలేదు. ఉబ్బసం ఉన్నవారిని వైద్యులు నేరుగా ఐసీయూకు తరలించి ముమ్మరంగా చికిత్స చేయడం వల్ల వారిలో మరణాలు తగ్గాయి, ఆ చికిత్స మాత్రం పట్టికకు ఎక్కలేదు. ఖచ్చితత్వంలో అన్నిటికన్నా ముందున్న న్యూరల్ నెట్‌వర్కును రోగుల మీద వాడడానికి ఆ పరిశోధనలో పాల్గొన్న రిచ్ కరువానా వెనుకాడింది అందుకే. ఆ వెనుకంజను పిరికితనమనేవారు ఇప్పటికీ ఉన్నారు, రోగి పడక పక్కన నిలబడి ఆ మాట అనగలరేమో వారే ఆలోచించుకోవాలి.

పర్యావరణ రంగం ఇందుకు మినహాయింపు కాదు. 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచం నలుమూలల రికార్డులు తెప్పించి, గుమాస్తాలతో లెక్కలు కట్టించి, రుతుపవనాలకు సూచికలు వెతికాడు. పేరు పుట్టకముందే జరిగిన డేటా మైనింగ్ అది. ఎన్నో సంబంధాలను గాలించి వాటిలో బలమైనదాన్ని ఏరుకున్నప్పుడు, ఎన్నిటిలోంచి ఏరుకున్నారన్న లెక్కతో కలిపే దాని బలాన్ని తూచాలని 1914లోనే ఆయన హెచ్చరించాడు. అదే శాఖ 1988 నుంచి వాడుతూ వచ్చిన పదహారు సూచికల రుతుపవన మోడల్ 2002లో దీర్ఘకాల సగటులో 101 శాతం వాన పడుతుందని చెబితే పడింది 81 శాతం. సూచికల్లో అనేకం అప్పటికే రుతుపవనంతో సంబంధం కోల్పోయాయి, మరుసటి ఏడే ఆ మోడల్‌ను మార్చవలసి వచ్చింది. నేటి వ్యాసాలలో నెగ్గిన మోడల్ పేరే ఉంటుంది గాని, ప్రయత్నించి వదిలేసినవెన్నో ఉండదు. అదీ ఖాళీ గడే. మరోవైపు, ఉన్న కొలతనే అనుమానించిన సందర్భమూ ఉంది. అంటార్కిటికా మీద ఓజోన్ 180 డాబ్సన్ యూనిట్లకు దిగువన నమోదైనప్పుడు, నింబస్-7 ఉపగ్రహ దత్తాంశాన్ని శుద్ధిచేసే ప్రోగ్రాము ఆ రీడింగులకు సందేహాస్పదమన్న గుర్తు తగిలించింది. అక్కడి హాలీ కేంద్రంలో నేల మీది పరికరంతో ఏళ్ల తరబడి ఓపికగా కొలుస్తూ వచ్చిన ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్‌లే 1985లో ఆ తరుగుదలను లోకానికి ముందుగా చాటారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, వర్గీకరణ గణితానికి 1948లోనే గట్టి పునాది వేసిన సి.ఆర్. రావు, దత్తాంశాన్ని కోర్టులో సాక్షిలా అడ్డుప్రశ్నలతో పరీక్షించాలని బోధించారు. ఆయన పేరు తలవని ఉపన్యాసం లేదు, ఆ బోధ పాటించే ప్రయోగశాలలు మాత్రం అరుదు. పైగా అడ్డుప్రశ్నలు వేయడానికి సాక్షి దొరకడమే కష్టం: దేశంలో నమోదయ్యే మరణాలలో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతుకు లోపే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి మూలమేమిటో తేల్చడానికి నీటినీ మట్టినీ ఎందరో పరీక్షించారు. అక్కడ కావలసింది మరో అల్గారిథం కాదు, ఎవరు ఏ బావి నీళ్లు ఎన్నేళ్లు తాగారో, ఎవరి క్రియాటినిన్ ఏ ఏడు ఎంతో ఏళ్ల తరబడి తెంపులేకుండా రాసిన చిట్టా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల రిజిస్టర్లు, మండల కార్యాలయాల వర్షమాపక పుస్తకాలు చెదలు పట్టకముందే కంప్యూటరుకు ఎక్కించేవారికి పీహెచ్‌డీ రాదు, పదోన్నతీ రాదు. ఆ పనిని పరిశోధనగా గుర్తించనంత కాలం ఈ రంగంలో అంచనాలకు ఆధారం ఉండదు.

కనుక ఈ అధ్యక్షపీఠం ప్రతిపాదన ఒక్కటే. వచ్చే సదస్సు నుంచి ప్రతి వ్యాసం తొలి పట్టికలో ఖచ్చితత్వ శాతానికి బదులు, ఎన్ని గడులు ఖాళీ, ఎందుకు ఖాళీ, వాటిని దేనితో నింపారు, ఎన్ని మోడళ్లు ప్రయత్నించి వదిలేశారు అన్న వివరం ఉండాలి. అది లేని వ్యాసాన్ని, దాని ఖచ్చితత్వం 99 శాతమైనా సరే, సమీక్షకు పంపకుండానే తిప్పి పంపాలి.