దాహమడిగినవాడి దయ
(పటమట సాహిత్య సదస్సులో అధ్యక్షోపన్యాసం)



అధ్యక్షస్థానంలో కూర్చున్నవాళ్లు ముందుగా తమకా అర్హత లేదని చెప్పుకోవడం మన సభల్లో ఆనవాయితీ. క్రైస్తవ దయ అన్న ఇవాళ్టి విషయం మీద నేనా మాట ఆనవాయితీ కోసం అనడం లేదు. ఎందుకో చెప్పేసి ముందుకు పోతాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. మా సంఘంలోని స్త్రీల సమాజం తరఫున ఐదుగురం ఈ ఊళ్లోనే ఒక ఇరుకు సందుకు వెళ్లాం. ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు అక్కడ గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారని విన్నాం. చేతుల్లో కరపత్రాలు, సంచిలో రెండు పాత చీరలు, బిస్కెట్ పొట్లాలు. పాట పాడాం, ప్రార్థన చేశాం. లేవబోతుంటే ఆ గది ఆవిడ కిరసనాయిలు పొయ్యి మీద టీ పెట్టింది. గాజు గ్లాసులు ఒక్కొక్కటీ వేణ్ణీళ్లతో తొలిచి, ఉతికిన తువ్వాలుతో తుడిచి, పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. మాలో పెద్దావిడ "వద్దులేమ్మా, ఇప్పుడే తాగొచ్చాం" అంది. ఆవిడ పళ్లెం అట్లాగే పట్టుకుని నిలబడి, కోపం లేకుండానే అంది: "మా ఇంటికొచ్చినోళ్లంతా ఇప్పుడే తాగొచ్చినోళ్లేనండీ."

నేను గ్లాసు అందుకున్నాను. తాగలేదు. మాటల్లో పడినట్టు నటించి కిటికీ గట్టు మీద పెట్టేశాను. బయల్దేరేసరికి దాని మీద తొరక కట్టింది. దారిలో అందరం కూడిక బాగా జరిగిందనే అనుకున్నాం.

నేనివాళ చెప్పబోయేదంతా ఆ గ్లాసు గురించే.

యోహాను సువార్త నాలుగో అధ్యాయం ఇక్కడున్న చాలామందికి కంఠతా వచ్చు. మిట్టమధ్యాహ్నం, యాకోబు బావి, సమరయ స్త్రీ. మన బోధకులు ఆవిడ్ని వేశ్యను చేసి చాలాకాలమైంది. మూలంలో ఆ మాట లేదు. ఐదుగురు భర్తలు ఉండేవారనీ, ఇప్పుడున్నవాడు భర్త కాడనీ మాత్రమే ఉంది. ఆ ఐదుగురూ చనిపోయారో, వదిలేసి పోయారో సువార్తికుడు చెప్పలేదు. చెప్పనిదంతా మనమే పూరించాం. మగ్దలేనే మరియకూ ఇదే గతి పట్టింది. ఏడు దయ్యాలు ఆమెను వదిలాయని లూకా రాశాడు తప్ప ఆమె ఎలా బతికేదో రాయలేదు. 591లో పోపు మొదటి గ్రెగొరీ తన ప్రసంగంలో ఆమెనూ, లూకా ఏడో అధ్యాయంలోని పేరులేని స్త్రీనీ, బేతనియ మరియనూ ఒక్కరిగా కలిపేశాడు. ఆ నింద పద్నాలుగు వందల ఏళ్లకు పైగా ఆమెను వదల్లేదు.

సరే, బావి దగ్గరికి వద్దాం. ఆ కథలో మనం దాటేసి పోయే సంగతి ఒకటుంది. యేసు ఆవిడకు ముందుగా ఏమీ ఇవ్వలేదు. బోధ చేయలేదు, క్షమించానని అనలేదు. దాహం అడిగాడు. చేదుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఒక యూదుడు, మగవాడు, బోధకుడు, సమరయ స్త్రీ కుండలోని నీళ్లు తాగుతానన్నాడు. తక్కిన మాటలన్నీ ఆ తర్వాతే. ఇది ఎంత పెద్ద సాహసమో ఇంకెవరికైనా విడమరచి చెప్పాలేమో గానీ కృష్ణా డెల్టావాళ్లకు అక్కర్లేదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే పారుతుంటాయి. మనకు నీళ్లకు కరువు లేదు. ఎవరి నీళ్లు ఎవరు ముట్టాలన్న దగ్గరే ఉంది పేచీ. 1985 జులైలో కారంచేడులో దళితుల మీద జరిగిన దారుణానికి నిప్పు రాజుకున్నది మంచినీళ్ల చెరువు దగ్గరే.

ఇదే అధ్యాయం పంధొమ్మిదో శతాబ్దంలో ఒక భారతీయ స్త్రీ జీవితాన్ని మలుపు తిప్పింది. పండిత రమాబాయి సంస్కృతంలో దిట్ట. కలకత్తా పండితులు పరీక్షించి 'పండిత', 'సరస్వతి' అని బిరుదులిచ్చారు. ఆమె 1883లో ఇంగ్లండు వెళ్లింది. లండన్‌లోని ఫుల్హాంలో క్రైస్తవ సన్యాసినులు నడిపే ఆశ్రమం చూసింది. లోకం 'పతితలు' అని తోసేసిన ఆడవాళ్లు అక్కడ కోలుకుని ఇతరులకు సేవ చేస్తున్నారు. వీళ్లను మీరెందుకు దగ్గరికి తీస్తున్నారని రమాబాయి అడిగితే, ఒక సన్యాసిని సమరయ స్త్రీ కథ చదివి వినిపించింది. తాను చదివిన శాస్త్రాల్లో ఇలాంటి స్త్రీల మీద ఇంత కనికరం ఆమెకు కనబడలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 29న బాప్తిస్మం తీసుకుంది. స్వదేశం తిరిగివచ్చి పూనా దగ్గర కేడ్గాంలో ముక్తి సదనం నడిపింది, అక్కడే ఇలాంటి ఆడవాళ్ల కోసం కృపాసదనమూ పెట్టింది. చూడండి, ఆమెను గెలిచింది వేదాంత వాదం కాదు. ఒకరి చేతి నీళ్లు ఇంకొకరు అడగడం.

మరి మన తెలుగునేల మీద ఏం జరిగింది? బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి కళాశాల అయింది. అందులో పాఠాలు చెప్పిన రఘుపతి వెంకటరత్నం నాయుడు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినవాడు, బ్రహ్మసమాజికుడు. శుభకార్యాల్లో భోగంమేళాలు పెట్టకూడదనీ, పెట్టిన చోటికి పోకూడదనీ ఊరూరా చెప్పాడు. ఆయన చిత్తశుద్ధికి ఎవరూ వంక పెట్టలేరు. కాకినాడలో అనాథలను చేరదీసి పెంచిన మనిషి. కానీ ఆ ఉద్యమం పేరు గమనించండి: సాంఘిక పవిత్రత. పవిత్రత అనగానే ఒక గీత పడుతుంది. గీతకు ఇవతల ఉన్నవాళ్లు చేతులు కడుక్కుంటారు. అవతల ఉన్నావిడకు మర్నాడు పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

ఈ సంగతి మనకు ముందుగా చెప్పింది చరిత్రకారులు కాదు, నాటకకర్త. గురజాడ 'కన్యాశుల్కం' 1909 కూర్పు చివరి ఘట్టం గుర్తు తెచ్చుకోండి. సౌజన్యారావు పంతులు మంచివాడు, వేశ్యల మొహం చూడనని పట్టుబట్టినవాడు. మధురవాణి మగవేషం వేసుకుంటే తప్ప ఆయన గడప తొక్కలేకపోయింది. లుబ్ధావధాన్లను కేసులోంచి బయటపడేసే నిజం తెచ్చింది ఆవిడే. దానికి ప్రతిఫలంగా ముద్దు అడిగి, ఆయన నియమం చెడకూడదని తనే వెనక్కి తగ్గింది. ఆయన ఆవిడ చేతికి భగవద్గీత ఇచ్చాడు. నేను తెలుగు పాఠాలు చెప్పి బతికినదాన్ని. పిల్లలకు ఏటేటా ఒక ప్రశ్న ఇచ్చేదాన్ని: ఈ రంగంలో దయ చూపిందెవరు? మొదట అందరూ పంతులుగారి పేరే రాసేవాళ్లు. రెండోసారి చదివాక కొట్టేసేవాళ్లు.

ఆయన చేతిలో గీత, మా చేతుల్లో కరపత్రం. పుస్తకమే వేరు.

ఇప్పుడు పటమట సంగతి. క్రైస్తవ దయ గురించి మాట్లాడ్డానికి ఈ చోటు కొంచెం ఇబ్బందికరమైనదే. ఇక్కడికి దగ్గర్లోనే, బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం ఉంది. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకు తీసుకొచ్చిన సంస్థ అది. ఆ ఇంటి ఆడబిడ్డ చెన్నుపాటి విద్య నడిపిన వాసవ్య మహిళా మండలి 1969 నుంచి ఇక్కడి ఆడవాళ్లకు ఆసరాగా ఉంది, హెచ్ఐవీ సోకినవాళ్లకు తోడు నిలిచింది. మన సంఘాలు ఆ జబ్బును దేవుడి శిక్ష అనుకుంటున్న రోజుల్లో దేవుడు లేడనేవాళ్లు వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నారు. క్రైస్తవురాలిగా ఈ మాట ఒప్పుకోవడం నాకు కష్టంగా లేదు. మంచి సమరయుడి కథ చెప్పిన గురువు శిష్యులం కదా.

ఆ కుటుంబానికి 1960లో కోడలై వచ్చింది హేమలత. గుర్రం జాషువ కూతురు. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన జాషువ ఇంట్లో పుట్టి, నాస్తికుల ఇంట్లో మెట్టింది. భర్త లవణంతో కలిసి స్టూవర్టుపురంలో పనిచేశాక, 1980లలో నిజామాబాద్ జిల్లా జోగినుల మధ్యకు వెళ్లింది. దళితుల ఇళ్లలోని ఆడపిల్లలను దేవత పేరు చెప్పి ఊరి పెద్దల పాలుచేసే ఆచారం అది. దాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్రం చట్టం చేసింది. వాళ్ల కోసం వర్నిలో ఏర్పడిన నిలయం పేరు వినండి: చెల్లి నిలయం. 'పతితోద్ధరణ' కాదు, 'రక్షణ గృహం' కాదు. చెల్లి. రెండక్షరాల మాట. ఆ పేరు పెట్టినవాళ్లకు ఆ పిల్లలతో వరస కుదిరింది.

వరస అన్నాను గనక మన భాష సంగతి కూడా చూద్దాం. సాని, భోగంది, వారకాంత, వెలయాలు: ఆవిడకు మనం పెట్టిన పేర్లు లెక్కలేనన్ని. వెలయాలు అంటే వెల కట్టిన ఆలు. వెల చెల్లించేవాడికో? 'విటుడు' ఉంది గానీ, కావ్యాల్లో ఆ మాట నిండా సరసమే. పత్రికల్లో 'వ్యభిచార ముఠా గుట్టురట్టు' అన్న శీర్షిక కింద ఎప్పుడూ ఒకటే ఫొటో, మొహాన కొంగు కప్పుకున్న ఆడవాళ్లు. 2022 మే 19న సుప్రీంకోర్టులో తెలుగువాడైన న్యాయమూర్తి లావు నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం ఇచ్చిన ఆదేశాల్లో ఇలాంటి ఫొటోలు, పేర్లు బయటపెట్టకూడదన్నది ఒకటి. వాళ్లకూ గౌరవంగా బతికే హక్కుందని, వయసొచ్చిన స్త్రీలను ఇష్టం లేకుండా రక్షణ గృహాల్లో నిర్బంధించి ఉంచకూడదని కూడా ఆ ఆదేశాల సారాంశం. ఆ కేసు మొదలైంది కలకత్తాలో హత్యకు గురైన ఒక స్త్రీ దగ్గర.

కోర్టు చెప్పిన ఈ మాట క్రైస్తవులకు కొత్తదేమీ కాకూడదు. రోగాలు అరికట్టే పేరుతో ఆడవాళ్లను మాత్రమే పట్టుకుపోయి బలవంతంగా పరీక్షలు చేసే చట్టం ఇంగ్లండులో 1864లోనూ, మన దేశంలో 1868లోనూ వచ్చింది. దాన్ని ఎదిరించి నిలబడిన జోసఫీన్ బట్లర్ ఒక పాదిరిగారి భార్య. అక్కడ 1886లో, ఇక్కడ 1888లో రద్దయ్యేదాకా ఆ పోరు ఆగలేదు. నీతి పేరుతో మగవాడిని వదిలి ఆడదాన్నే పట్టుకోవడం అధర్మమని ఆమె వాదం. యోహాను ఎనిమిదో అధ్యాయంలోనూ అంతేగా, ఈడ్చుకొచ్చింది ఒక్క ఆడమనిషినే.

ఒక్క హెచ్చరిక. అడగడం, ఆగడం, ఆవిడ ఇష్టం తెలుసుకోవడం అన్నీ వయసొచ్చిన మనిషి విషయంలో. పసిపిల్ల విషయంలో, మోసపోయి అమ్ముడైనదాని విషయంలో తలుపు తట్టి నిలబడే తీరిక లేదు, బద్దలు కొట్టాల్సిందే. అయితే బయటికి తెచ్చాక ఏమిటన్నది అసలు ప్రశ్న. హైదరాబాదులో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లుండే మెహబూబ్ కీ మెహందీ వాడను ఖాళీ చేయించాక, 1996లో బ్రదర్ జోస్ వెట్టికాటిల్ అనే క్రైస్తవ సన్యాసి, సునీతా కృష్ణన్ కలిసి 'ప్రజ్వల'ను ఆ తల్లుల పిల్లలకు బడి పెట్టడంతో మొదలుపెట్టారు. కూడిక కన్నా ముందు పలక వచ్చింది.

ఈ రెండు రోజులు పత్రాలు చదవబోయేవారికి నా విన్నపం ఒకటే. పురుషోత్తమ చౌదరి మొదలుకొని మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తిరగేయండి. 'పాపి' అన్న మాట పక్కన ఎప్పుడూ ఉండేది 'నేను'. పాడేవాడే పాపి. అదే మన ప్రసంగాల్లోకి, సేవా నివేదికల్లోకి వచ్చేసరికి పాపి 'ఆమె' అయిపోతుంది. ఉత్తమ పురుష ప్రథమ పురుషగా ఎక్కడ మారిందో, ఎప్పుడు మారిందో ఎవరైనా పట్టుకుంటే అది గొప్ప పరిశోధన. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లలో కొండెక్కే ఆడవాళ్లలో ఎవరి బతుకేమిటో ఎవరూ అడగరు. అక్కడ అందరూ మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లే. మన వాక్యాలు ఆ మెట్ల దాకా ఎక్కితే చాలు.

గ్లాసు సంగతి మధ్యలో వదిలేశాను. రెండు నెలల తర్వాత, కరపత్రాలు లేకుండా, ఒక్కదాన్నే ఆ గదికి వెళ్లి టీ పెట్టమని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పంచదార నిండుకుందండీ. ఆ చివర కొట్లో పావుకిలో పట్రండి" అంది. వెళ్లాను. కొట్టతను పంచదార తూస్తూ, నేను వచ్చిన సందు వైపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. పొట్లం కట్టి చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు. నిమిషం కూడా పట్టలేదు. నా వయసు, నా ఉద్యోగం, నా సంఘం, ఏవీ ఆ నిమిషంలో నాకు అడ్డు రాలేదు.

టీ తాగాను. ఆవిడ తన కథ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సందులో కుళాయి నీళ్లు ఎన్నింటికి వదులుతారో, ఎంతసేపు వస్తాయో మాట్లాడుకున్నాం.

మొదటి పత్రం చదవాల్సినవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.