జీతము తక్కువైనచో పాఠము తగ్గించవచ్చునా?



విమానము నడుపుట నేర్పువారికి జీతములు దండిగా నుండునని మనవారిలో చాలమంది తలంచుచున్నారు. అమెరికాలో ఆ పని చేయుచు ఈ ఉత్సవమునకు వచ్చిన మాకు ఆ మాట వినగా నవ్వు వచ్చును. అక్కడ చాల శిక్షణాలయములలో ఇంజను తిరిగినంతసేపే జీతము. గంటలు లెక్కించు హాబ్స్ మీటరు ఆగినచో మా సంపాదనయు ఆగును. ఎగురుటకు ముందు నేలమీద చెప్పు పాఠము, దిగిన తరువాత తప్పులు దిద్దుట, ఇవన్నియు ఉచితమే.

2009 ఫిబ్రవరి 12న బఫెలో పట్టణము దగ్గర కోల్గన్ వారి విమానము కూలి, నేలమీద నున్న ఒకరితో కలిపి 50 మంది చనిపోయిరి. తరువాత 2010లో చట్టము వచ్చి, 2013 నుండి కో-పైలట్‌కు సైతము, కొన్ని మినహాయింపులు పోగా, 1500 గంటల అనుభవము కావలసి వచ్చెను. ఆ గంటలు కూడబెట్టుకొనుటకే అనేకమంది యువకులు శిక్షకులగుచున్నారు. "ఇచ్చేది ఇంతే, చేసేది ఇంతే" అను మాట మా మధ్య వినబడుటకు ఇదియొక కారణము.

ఆ కోపము న్యాయమైనదే. కాని పాఠము తగ్గించినచో నష్టపోవునది యజమాని కాదు, అతనికి విమానపు అద్దె వచ్చుచునే యుండును. నష్టము అప్పుచేసి ఫీజు కట్టిన విద్యార్థిది. స్టాల్ పాఠమునే చూడుడి. ముక్కు మరీ పైకెత్తినందున రెక్కకు గాలి ఆధారము తప్పినపుడు, కంట్రోలును ముందుకు నెట్టి ముక్కు దించవలెను. భయపడినవాని చేయి మాత్రము వెనుకకే లాగును. బఫెలోలో అనుభవముగల కెప్టెను సైతము హెచ్చరిక రాగానే వెనుకకే లాగెనని విచారణలో తేలినది. ఎందుకు ముందుకు నెట్టవలెనో ఆ జీతము రాని అరగంటలోనే, బోర్డుమీద బొమ్మ గీసి, సావకాశముగా చెప్పవలసియున్నది. పైన ఇంజను రొదలో అది తలకెక్కదు. పిమ్మట ఆ విద్యార్థిని ఒంటరిగా ఎగురనిచ్చుటకు సంతకము చేయువారమును మేమే.

అయితే అన్నిటికి తలయూపవలెనని మేమనము. హేంగరు ఊడ్చుట, ఆఫీసు ఫోనులకు జవాబు చెప్పుట జీతము లేనిదే చేయమనవచ్చును. అక్కడి నిబంధన ప్రకారము 24 గంటలలో 8 గంటలకు మించి విమానములో శిక్షణ ఇవ్వరాదు. ఇల్లు గడువక రాత్రి మరియొక కొలువు చేసి వచ్చినవాని నిద్రలేమి ఆ లెక్కలోనికి రాదు. అట్టివాడు ఉదయము ఎగురనని చెప్పుట పని తగ్గించుట కాదు.

నేలమీది పాఠమునకు కూడ గంటలెక్కన బిల్లు వేసి శిక్షకునికిచ్చు పాఠశాలలున్నవి. మేము యజమానులను అడుగుచున్నది అదియే. ఆ అరగంట ఫీజు కూడ లెక్కలో వేసికొనుడని విద్యార్థులకు మొదటి దినముననే చెప్పుచున్నాము. కొందరు గొణుగుదురు, ఎక్కువమంది ఇచ్చుచున్నారు.