మందు ఎక్కడికి పోతుంది?

 

మనలో చాలామందివి రైతు కుటుంబాలు. పంటలకు ఎండోసల్ఫాన్ కొట్టిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కేరళలో కాసరగోడ్ జీడితోటల మీద దాన్ని ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో చల్లారు. అక్కడి జనం పడ్డ బాధలు దేశమంతా చూసింది. 2011 మే 13న సుప్రీంకోర్టు దాని తయారీ, అమ్మకం, వాడకం ఆపించింది. అయితే కొట్టిన మందు ఏమవుతుంది? "వానకు కొట్టుకుపోయింది" అంటాం. ఎక్కడికి?

పొలం నీరు గెడ్డలోకి, గెడ్డ నీరు చెరువులోకి. ఎండోసల్ఫాన్ నీళ్లలో కరిగేది చాలా తక్కువ. మట్టి రేణువులను పట్టుకుని అడుగుకు దిగుతుంది. నీళ్లలో మిగిలినది నీటి గుణాన్ని బట్టి విరుగుతుంది. ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చే క్షార గుణం ఉంటే రోజుల్లోనే విరిగి, విషం బాగా తగ్గిన డయోల్ అవుతుంది. ఆమ్ల గుణం ఉంటే నెలల తరబడి అలాగే ఉంటుంది.

మట్టిలో, గాలి అందే బురద పైపొరలో కథ వేరు. అక్కడి సూక్ష్మజీవులు దానిలోని గంధకానికి ఇంకొక్క ఆక్సిజన్ పరమాణువును చేర్చి ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుస్తాయి. ఆరు క్లోరిన్ పరమాణువులూ ఎక్కడివక్కడే. విషం ఇంచుమించు అంతే. పైగా అసలు మందు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పేరు మారింది, గుణం మారలేదు. అందుకే కోడెక్స్ ఆహార ప్రమాణాలు ఆల్ఫా, బీటా రూపాలతో పాటు ఈ సల్ఫేట్‌నూ కలిపే లెక్కిస్తాయి.

ఇవాళ కొట్టే మందులకూ ఇదే ప్రశ్న వేయాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు పురుగుమందులే కారణమని రుజువు కాలేదు, ఆ మాట నేనూ అనను. కానీ మన ఊళ్లలో నీళ్లు పరీక్ష చేయించేటప్పుడు చెరువు బురద కూడా పంపండి. "ఈ మందు కనబడలేదు" అని రిపోర్టు వస్తే, "విరిగి ఏమైందో దాన్నీ వెతికారా?" అని అడగండి. మందు కొట్టిన స్ప్రేయర్‌ను మాత్రం చెరువులో కడగనివ్వకండి.

సంఘానికి ఒక విన్నపం. బడికి పీహెచ్ కాగితాలు, ఒక నోటు పుస్తకం కొనిద్దాం. ఊరి చెరువు నీటి గుణాన్ని పిల్లలు నెలనెలా రాసిపెడతారు. పెద్ద ఖర్చు కాదు. పదేళ్లు ఆగకుండా రాస్తే ఆ పుస్తకం ఊరికి ఆస్తి అవుతుంది.