రోడ్డు ప్రమాదాలు, నష్టపరిహారము: మనవారు తెలుసుకొనదగిన కొన్ని సంగతులు
(సంఘ వార్షిక సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



నన్ను పావుగంట మాట్లాడమన్నారు. వకీలుకు పావుగంట అంటే వాయిదా అడగడానికే చాలదు. అయినా భోజనాల వేళ దగ్గరపడింది కనుక తొందరగానే ముగిస్తాను.

నేను చీపురుపల్లి కోర్టులోనూ, విజయనగరం జిల్లా కోర్టులోనూ ప్రాక్టీసు చేస్తున్న సంగతి మీకు తెలుసు. నా వద్దకు వచ్చేవి ముఖ్యంగా రెండు రకాల కేసులు. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తిన్నవారి, చనిపోయినవారి కుటుంబాల నష్టపరిహారం కేసులు ఒక రకం. తాగి బండి నడిపి పట్టుబడ్డవారి తరఫున వాదించేవి రెండో రకం. ఈ రెండోది కొందరు పెద్దలకు నచ్చదు. మసీదు మెట్ల దగ్గర ఒక చాచా ముఖం మీదే అడిగారు: “వకీల్ సాబ్, హరామ్ తాగినవాడి పక్కన ఎలా నిలబడతావయ్యా?” అని. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. ఈ రోజు జవాబు చెబుతాను. దానికి ముందు రెండు కేసులు చెప్పాలి. పేర్లు చెప్పను, మీరూ ఆరా తీయవద్దు.

మొదటిది 2019 నాటిది. వెల్డింగు పని చేసుకునే మన కుర్రవాడు, ముప్పై రెండేళ్లవాడు, పొద్దుపోయాక రాజాం రోడ్డులో మోటారు సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. లారీ గుద్దింది. ఎవరో పుణ్యాత్ములు ఆటోలో వేసుకొని ఆసుపత్రికి బయలుదేరారు. దారిలోనే ప్రాణం పోయింది. ప్రాణం పోయాక ఆసుపత్రి ఎందుకని ఆటోను అటునుంచటే ఇంటికి తిప్పేశారు. తల్లి ఒకటే మాట: “నా బిడ్డని కొయ్యనివ్వను బాబూ, కొయ్యనివ్వను.” ఆ తల్లిని తప్పు పట్టే మొనగాడెవడు? మయ్యత్‌ను ఆలస్యం చేయకూడదనేది మన ఆచారం. మరునాడు జొహర్ నమాజు తర్వాత దఫన్ అయిపోయింది. లారీ ఓనరు తాలూకు మనిషి వచ్చి లక్ష రూపాయలు పెద్దల చేతిలో పెట్టాడు. ఏమీ రాయని కాగితం మీద భార్య చేత సంతకం చేయించుకున్నాడు. స్టేషనులో కేసు లేదు. పోస్టుమార్టం లేదు. లారీ నంబరు రాసుకున్నవాడు లేడు.

ఐదు నెలల తర్వాత ఆ అమ్మాయి ఇద్దరు పిల్లలతో, అత్తగారితో నా ఆఫీసు మెట్లెక్కింది. లక్ష రూపాయలూ అప్పులకు పోయాయి. నేను కేసు వేశాను. లారీ ఓనరు ఆ ప్రమాదంతో తనకు సంబంధమే లేదన్నాడు. కుర్రవాడు ప్రమాదంలోనే చనిపోయాడనడానికి కాగితం ఏదని ఇన్సూరెన్సు కంపెనీ అడిగింది. నా దగ్గర లేదు. కేసు కొట్టివేశారు.

ఆ కుటుంబానికి ఎంత రావలసిందో లెక్క నా ఫైలులో ఇంకా ఉంది. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో ఈ లెక్క ఎలా కట్టాలో చెప్పింది. నెలకు పన్నెండు వేలు సంపాదన అనుకోండి. స్వంత పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు కనుక ముందుముందు సంపాదన పెరిగేదని నూటికి నలభై కలుపుతారు. 16,800 అయింది. ఇంట్లో అతని మీద ఆధారపడినవారు నలుగురు గనుక అతని స్వంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. 12,600 మిగిలింది. ఏడాదికి 1,51,200. ముప్పై రెండేళ్ల వయసుకు దీన్ని 16తో హెచ్చవేస్తారు. మొత్తం 24,19,200 రూపాయలు. దఫన్ ఖర్చులు, భార్యకు భర్త తోడు పోయినందుకు ఇచ్చేది అదనం. లక్ష ఎక్కడ, పాతిక లక్షలు ఎక్కడ?

ఇక రెండో కేసు. వ్యాను డ్రైవరొకడు సాయంకాలం వేళ దారిన పోయే కూలిమనిషిని గుద్దాడు. కాలు విరిగింది. పోలీసులు డ్రైవరును డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. డాక్టరుగారు “మద్యం వాసన వస్తున్నది” అని రాసి సంతకం చేశారు. రక్తం తీయలేదు. ఊదించే యంత్రం ఆ వేళ లేదు. డ్రైవరు తరఫున నిలబడింది నేనే. వాసన ఒక్కటీ చూసి మత్తులో ఉన్నాడని తేల్చరాదని 1971లోనే సుప్రీంకోర్టు బచుభాయ్ హసనల్లీ కర్యాని కేసులో చెప్పింది. ఆ తీర్పు చూపించాను. తాగి నడిపిన నేరం కింద అతన్ని విడుదల చేశారు. మెట్లు దిగి వస్తుంటే చంకలో కర్రతో ఆ కూలిమనిషి నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు, ఊరికే చూశాడు. అతని నష్టపరిహారం కేసు నేను తీసుకోకూడదు, న్యాయం కాదు. మండల న్యాయ సేవా కమిటీకి పంపాను. అక్కడ వేరే వకీలును ఇచ్చారు. నష్టపరిహారం కేసులో క్రిమినల్ కేసులోలాగా గట్టి రుజువు అక్కరలేదు. డ్రైవరు విడుదలైనా దెబ్బ తిన్నవాడు పరిహారం అడగవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది, అక్కడ ఓడిపోయాం కదా అని ఇక్కడా వదిలేస్తున్నారు.

ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట పోస్టుమార్టం కాగితం లేక మనవాళ్లు ఓడారు. ఇంకోచోట రక్తపరీక్ష కాగితం లేక తాగినవాడు గెలిచాడు. రెండూ మొదటి కొద్ది గంటల్లో పుట్టవలసిన కాగితాలే. తర్వాత ఎంత ఏడ్చినా పుట్టవు.

కాబట్టి పోస్టుమార్టానికి అడ్డుపడవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ప్రమాద మరణంలో శవపంచాయతీ జరపడం పోలీసుల విధి. సూర్యాస్తమయం తర్వాత చేయరనే మాట పాతది. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో రాత్రిపూట కూడా చేయవచ్చునని 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ అనుమతించింది. హత్య, ఆత్మహత్య వంటి అనుమానాలున్నవాటికి మాత్రం ఇది సామాన్యంగా వర్తించదు. విశాఖ కేజీహెచ్‌కు తరలించిన తర్వాత మరణిస్తే అక్కడి కాగితాలన్నీ అక్కడే అడిగి తీసుకోవాలి. సంఘం తరఫున ఇద్దరు చదువుకున్న కుర్రవాళ్లు వెంట ఉంటే దఫన్ ఒక పూటకు మించి ఆలస్యం కాదు. స్త్రీల మయ్యత్ విషయంలో పరదా పాటించమని డాక్టరుగారిని అడగండి. మర్యాదగా అడిగితే కాదనే డాక్టరును నేను చూడలేదు.

కొందరు తఖ్దీర్ అంటారు, బిడ్డ ప్రాణానికి డబ్బు తీసుకోవడమా అంటారు. నేను ఆలిమ్‌ను కాను, వకీలును. కాని పొరపాటున ప్రాణం తీసినవాడు ఆ కుటుంబానికి దియత్ ఇవ్వాలని, వారే మాఫీ చేస్తే తప్ప ఇచ్చి తీరాలని ఖుర్ఆన్‌లో నిసా సూరా చెబుతున్నది. తీసుకోవడం సిగ్గు కాదు. మాఫీ చేయడం వారసుల ఇష్టం. లారీ ఓనరు మనిషితో కూర్చొని టీ తాగిన పెద్దల ఇష్టం కాదు. ట్రిబ్యునల్ వేసే వడ్డీ సంగతి కూడా అడుగుతుంటారు. అది ఉలమాలను అడగండి. వడ్డీ భయంతో అసలు కేసే మానుకోవద్దు.

అత్తాకోడళ్ల తగువు మరొకటి. కోడలు రెండో నికాహ్ చేసుకుంటుందేమోనని, డబ్బంతా ఆమెకు పోతుందని అత్తవారు గొడవపడతారు. ట్రిబ్యునల్ ఎవరు ఎంతగా ఆధారపడి ఉన్నారో చూసి తల్లికి, భార్యకు, పిల్లలకు వేరువేరుగా రాస్తుంది. పిల్లల వాటా బ్యాంకులో డిపాజిట్టుగా ఉంచుతారు. కనుక అందరూ ఒకే పిటిషనులో కలిసి రండి. నికాహ్‌నామా భద్రంగా దాచుకోండి. భార్యనని రుజువు చేయడానికి అదే ముందు అడుగుతారు.

పిటిషను ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ నుండి నిబంధన వచ్చింది. దీని మీద వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ భరోసాతో కూర్చోవద్దు. గుద్దిన బండి దొరకనే లేదా? అప్పుడు కూడా మరణానికి రెండు లక్షలు, తీవ్రమైన దెబ్బలకు యాభై వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. రెవెన్యూ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. 2022 నుండి చీపురుపల్లిలోనే రెవెన్యూ డివిజను ఉన్నది కదా, దూరం పోనక్కరలేదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం కింద ఉన్నది. ఆసుపత్రి గేటు దగ్గర “వచ్చినదాంట్లో మూడో వంతు నాకు” అని కాగితం మీద సంతకాలు తీసుకునే దళారీలను నమ్మవద్దు. అమెరికాలో వకీళ్లు అలా వాటా తీసుకుంటారు, రోడ్డు పక్కన బోర్డులు పెట్టి ప్రకటనలు కూడా చేసుకుంటారు. మన బార్ కౌన్సిల్ నియమాలు రెండింటినీ ఒప్పుకోవు.

ఇక చాచాగారి ప్రశ్న. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు మించితే నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు గాని, పదివేల జరిమానా గాని, రెండూ గాని. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, పదిహేను వేల జరిమానా. బండి మనిషిని గుద్దితే ఇన్సూరెన్సు కంపెనీ బాధితునికి చెల్లించి ఆ డబ్బు ఓనరు నుండి రాబట్టుకోవచ్చు. ఓనరు అంటే మన ఇళ్లల్లో ఎవరు? కొడుక్కి బండి కొనిపెట్టిన తండ్రి. ఇల్లు, స్థలం వేలానికి వస్తాయి. నా దగ్గరకు వచ్చినవాడికి ఇదంతా ముందు చెబుతాను, తర్వాతే వకాలత్ తీసుకుంటాను. పోలీసులు తమ పని సరిగా చేశారో లేదో అడగడం నా వృత్తి. వారు సరిగా చేసి ఉంటే ఆ వ్యాను డ్రైవరును నేను విడిపించలేకపోయేవాణ్ణి, విడిపించనందుకు నాకు విచారమూ ఉండేది కాదు. ఇంకో మాట చాచా, వచ్చేవారిలో అందరూ పరాయివారు కారు. పోయిన ఏడాది వలీమా నుంచి తిరిగి వస్తూ పట్టుబడిన కుర్రవాణ్ణి మీ వీధివారే తీసుకొచ్చారు.

సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. స్టేషను ఫోను, ఆసుపత్రి ఫోను, రాత్రి వేళ వెంట వచ్చే నలుగురు కుర్రవాళ్ల పేర్లు అందులో ఉండాలి. మొదటి పేరుగా నాది రాసుకోండి. ఇషా తర్వాత కూడా తలుపు తట్టవచ్చు. బిర్యానీ వాసన వస్తోంది, ఇక సెలవు. వస్సలాము.