సీటు కొనే ముందు చూసుకోవలసిన లెక్క

(నాంపల్లిలో జరిగిన మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖరీదైన కాలేజీ చదువు లాభమా, నష్టమా అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. చిక్కు విషయమే అప్పగించారు. లాభమంటే కాలేజీల ఏజెంటు అంటారు, నష్టమంటే పిల్లల దారికి అడ్డంపడే ముసలాయన అంటారు. అయినా మన సంఘానికి వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులు కొన్నేళ్ళుగా చదువుతున్నాను. ఒక్కొక్క దరఖాస్తు ఒక ఇంటి పద్దు పుస్తకం లాంటిది. ఎవరి పేరూ చెప్పకుండా, ఆ పద్దులలో నాకు కనబడినది మీకు మనవి చేస్తాను.

ఈ మధ్య కొందరు పెద్దమనుషులు డిగ్రీ దండుగ, పిల్లవాణ్ణి తీసుకుపోయి అబిడ్స్ జగదీశ్ మార్కెట్టులో సెల్‌ఫోన్ రిపేరుకు కూర్చోబెట్టండి అని సలహా ఇస్తున్నారు. జగదీశ్ మార్కెట్టును నేను తక్కువ చేసి మాట్లాడను. అక్కడ చేయి తిరిగిన కుర్రవాడు ఎందరో ఇంజనీర్ల కంటే మెరుగ్గా ఇల్లు నడుపుతున్నాడు. కాని ఆ సలహా ఇచ్చేవారి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఒక్కసారి అడిగి చూడండి. గల్ఫ్‌కు పోయి వచ్చినవారికి ఇంకొక సంగతి కూడా తెలుసు. ఒకే కంపెనీలో, ఒకే షెడ్డులో పనిచేసే ఇద్దరు అన్నదమ్ములలో ఒకరి ఇఖామాలో ఇంజనీరు అని ఉంటుంది, రెండవవారి దానిలో కార్మికుడు అని ఉంటుంది. మొదటివాడు భార్యాబిడ్డలను పిలిపించుకోగలడు, రెండవవాడు రెండేళ్ళకొకసారి వచ్చి బిడ్డ ఎంత ఎదిగిందో చూసుకొని పోతాడు. పని చేతకాక కాదు, చూపడానికి కాగితం లేక. సౌదీలో ఇంజనీరుగా ఉండాలంటే అక్కడి ఇంజనీర్ల మండలిలో నమోదు కావాలి, వారు డిగ్రీని విచారించి చూస్తారు. ఏదో సందులో, ఏదో పేరున్న యూనివర్సిటీ పేరుతో కొన్న సర్టిఫికెట్టు అక్కడ దొరికిపోతుంది. కాబట్టి డిగ్రీ వద్దు అనే మాటను ఇంతటితో వదిలివేద్దాము. ఏ డిగ్రీ, ఎంతకు, ఎవరి సొమ్ముతో అన్నదే మన ముందున్న ప్రశ్న.

డిగ్రీ విలువ డిగ్రీలోనే ఉండిపోతుందని మనవాళ్ళు అనుకుంటారు. మన ఊరి చరిత్రే దానికి జవాబు చెప్పింది. 1918లో ఉస్మానియా ఏర్పడి ఉర్దూలో ఉన్నత విద్య మొదలైనప్పుడు ఆ పట్టా నిజాం ప్రభుత్వ కొలువుకు తాళంచెవి. 1948 పోలీసు చర్య తర్వాత తాళమే మారిపోయింది. ప్రభుత్వం మారింది, బోధనాభాష ఇంగ్లీషయింది. పట్టా అదే, చదివిన మనిషీ అతడే, కాని బజారు వేరు. ఆ తరంలో ఎందరో చదువుకున్నవారు చిన్నచిన్న పనులలో కుదురుకొని కాలం వెళ్ళదీశారు, కొందరు దేశమే విడిచారు. ఆ తర్వాత గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాయి. 1980లో ముఫఖం జా కాలేజీ, 1984లో ఇక్కడికి దగ్గరలోనే దారుస్సలాంలో దక్కన్ కాలేజీ వచ్చినప్పుడు మన ఇళ్ళలో మొదటి తరం ఇంజనీర్లు తయారయ్యారు. వారి సంపాదనతో అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు జరిగాయి, ఇళ్ళు లేచాయి. అది నిజం. అది చూసి మిగిలినవారందరూ అదే దారి పట్టడమూ సహజమే.

అయితే ఆ దారి ఇప్పుడు ఎట్లా ఉన్నది? 2008లో ఫీజు రీయింబర్సుమెంటు వచ్చిన తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటాయి. పేద ఇంటి పిల్లవాడు కూడా బి.టెక్. చదవగలిగాడు, అందుకు సంతోషించాలి. కాని కొన్ని కాలేజీలలో లాబొరేటరీ తలుపుకు తాళం, హాజరు పట్టీలో మాత్రం అందరూ హాజరు. అట్లాంటివి చాలావరకు మూతపడ్డాయి. ఒక్క తెలంగాణలో ఇప్పుడున్నవి 200 లోపే. మూతపడిన కాలేజీ పేరున్న సర్టిఫికెట్టు పట్టుకొని తిరిగే పిల్లవాని సంగతి ఎవరూ లెక్క వేయలేదు. ఆ రీయింబర్సుమెంటు సొమ్ము కూడా వేళకు రాదు. 2025 నవంబరులో బకాయిలు చెల్లించాలని ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసుకొని సమ్మెకు దిగాయి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య తగవు, నడుమ నలిగేది విద్యార్థి. ఒక దరఖాస్తులో ఒక తల్లి రాసుకున్నది: అబ్బాయికి ఉద్యోగం దొరికింది, కాని ప్రభుత్వం కట్టవలసిన బాకీ మీరే కడితే తప్ప ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమని కాలేజీవారు అన్నారట. చేరవలసిన తేదీ దాటిపోయింది.

ఇక జీతాల మాట. ఇది మన ఆడవారికి సులువుగా అర్థమయ్యే లెక్కలో చెబుతాను. 2010లో పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీలలో కొత్తగా చేరే పిల్లవానికి ఏడాదికి మూడు లక్షల పైచిలుకు జీతం. అప్పుడు తులం బంగారం ఇరవై వేల దగ్గర ఉండేది. అంటే ఏడాది జీతంతో పదిహేను తులాలు వచ్చేవి. 2025లో అవే కంపెనీలలో మామూలుగా చేరేవానికి మూడున్నర లక్షల దగ్గరే ఇచ్చారు. అదే ఏడాది తులం లక్ష దాటింది. మూడున్నర తులాలు కూడా రావు! ఫీజు మాత్రం అప్పటి ఫీజు కాదు.

ఒక ఇంటి ఖర్చు వేసి చూద్దాము. మేనేజిమెంటు సీటుకు ఏడాదికి లక్షన్నర ఫీజు, బస్సుకు, పుస్తకాలకు, ల్యాప్‌టాప్‌కు కలిపి అర లక్ష అనుకోండి. నాలుగేళ్ళకు ఎనిమిది లక్షలు. ఈ సొమ్ము మిగులు సొమ్మయితే ఇబ్బంది లేదు. కాని మన దరఖాస్తులలో అది మిగులు సొమ్ము కాదు. ఊరి బయట కొనుక్కున్న నూరు గజాల ప్లాటు, తల్లి చేతి గాజులు, తండ్రి గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళు పడిన కష్టం. 2017లో సౌదీలో కుటుంబ సభ్యుల మీద నెలనెలా రుసుము మొదలైన తర్వాత ఎన్ని కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకొని తిరిగి వచ్చాయో మీకు తెలుసు. అట్లా వచ్చిన తండ్రి చేతిలో ఉన్నది అదొక్కటే మూట. ఆ మూట మొత్తం ఒక్క సీటు మీద పెడుతున్నాడు.

అప్పు సంగతి కూడా చెప్పాలి. సూద్ హరాం కనుక బ్యాంకు విద్యారుణం తీసుకోము అనేవారున్నారు. వారి పట్టుదలను గౌరవిస్తాను, మతవిషయంలో తీర్పు చెప్పేంతవాణ్ణి కాను. కాని బ్యాంకు వద్దన్న మనిషే ఫీజు గడువు రోజున ఫైనాన్సువాని దగ్గరికి పోయి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తున్నాడు. నెలకు మూడంటే ఏడాదికి ముప్ఫైయారు. వద్దనుకున్నదే నాలుగింతలై ఇంట్లోకి వచ్చింది. అప్పు లేకుండా చదివించాలని నిశ్చయించుకున్నవారు తక్కువ ఖర్చు చదువును వెదకాలి గదా! మనవాళ్ళు అప్పు వద్దంటారు, తక్కువ ఫీజు కాలేజీ అంటే నామోషీ అంటారు.

ఈ నామోషీయే నాకు అసలు జబ్బుగా కనబడుతున్నది. పెళ్ళి కార్డు మీద పేరు పక్కన బి.ఇ. అని పడాలి. అవతలివారు అడిగితే ఫలానా కాలేజీ అని చెప్పుకోవాలి. ఇంట్లో ఉన్న సొమ్మంతా కుమారుని కార్డు మీద ఆ రెండు అక్షరాల కోసం పోయిన తర్వాత కుమార్తెకు ఏమి మిగులుతుంది? దరఖాస్తులలో నన్ను అన్నిటికంటే బాధ పెట్టేది ఇదే. పదవ తరగతిలో తమ్ముని కంటే మంచి మార్కులు వచ్చిన అమ్మాయి ఇంటరు తర్వాత ఇంట్లో కూర్చున్నది. కారణం అనే గడిలో తండ్రి నిజాయితీగా రాశాడు: కుమారుని ఫీజు భారం వలన.

ఈ గడ్డ మీద కూర్చొని ఆ మాట రాయవలసి రావడం ఇంకా బాధ. ఏమంటే, మనం కూర్చున్న నాంపల్లిలోనే ఆడపిల్లల చదువు తక్కువ ఖర్చుతో సాగే ఏర్పాటు మన పెద్దలు చేసి పోయారు. ప్రతి జనవరిలో పిల్లలను తీసుకుపోయి నుమాయిష్‌లో హలీమ్ తినిపించి, జెయింట్ వీలు ఎక్కించి వస్తాము. ఆ నుమాయిష్ ఎందుకు పుట్టిందో పిల్లలకు చెప్పము. 1938లో ఉస్మానియా పట్టభద్రులు, రాష్ట్ర ఆర్థిక పరిస్థితుల సర్వేకు నిధులు కూర్చాలని పబ్లిక్ గార్డెన్స్‌లో దానిని పెట్టారు. 1946లో ఇప్పుడున్న మైదానానికి వచ్చింది. మీరు టికెట్టుకు పెట్టిన సొమ్ము ఊరికే పోలేదు. ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో దాదాపు ఇరవై విద్యాసంస్థలు నడుపుతున్నది. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ మైదానంలోనే ఉన్నాయి. కోఠీ ఉమెన్స్ కాలేజీ కూడా 1924లో ఈ నాంపల్లిలోనే మొదలై 1949లో రెసిడెన్సీ భవనానికి తరలిపోయింది. నేడది చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం. మన ఇంటి నుండి నడిచిపోయే దూరంలో, ఆటో కిరాయి కూడా లేకుండా, అమ్మాయి చదువుకోగల చోట్లు ఇవి. వీటిని దాటుకొని ఊరి చివర నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కాలేజీకి కుమారుణ్ణి రెండు లక్షలు పోసి పంపుతున్నాము.

అబ్బాయిలకు కూడా తలుపులు ఒకటి రెండు కాదు. పదవ తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేస్తే చేతికి పని వస్తుంది. ఆపైన ఈసెట్ రాసి బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. నాలుగేళ్ళ ఫీజులో ఒక ఏడాది ఫీజు మిగిలింది, నడుమ ఉద్యోగం దొరికితే ఇంకా మంచిది. డిప్లొమా అంటే చదువు రానివానికి అనుకునే భ్రమ మన ఇళ్ళలో ఎట్లా దూరిందో నాకు అర్థం కాదు. మల్లేపల్లి ఐ.టి.ఐ.ని చూడండి. రాష్ట్రంలో 65 ఐ.టి.ఐ.లను కొత్త యంత్రాలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో అక్కడే పునాదిరాయి వేశారు. మన సభ్యులలో ఎంతమంది లోపలికి పోయి చూశారు? చేతులెత్తమని అడగను లెండి.

ప్రభుత్వోద్యోగం వస్తుంది గదా, అందుకే డిగ్రీ అనేవారికి కూడా ఒక మాట. పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం మన నాంపల్లిలోనే ఉన్నది. 2022లో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. ప్రిలిమినరీ పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ వలన 2023 మార్చిలో రద్దయింది. మళ్ళీ పెట్టిన పరీక్షను అదే ఏడాది హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త ప్రకటన, కొత్త దరఖాస్తు. తప్పు చేయని పిల్లల వయసులో రెండేళ్ళు అట్లా పోయాయి. రాయవద్దనడం లేదు, తప్పక రాయాలి. కాని ఏదో ఒక పని చేతిలో పెట్టుకొని రాయాలి. అమెరికా మాట కూడా అంతే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, ప్లాటు అమ్మి పిల్లలను పంపిన ఇళ్ళలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు.

ఇంతకీ పెద్ద ఫీజు కట్టనే కూడదా? కట్టవచ్చు. పిల్లవానికి ఆ విద్యలో నిజంగా మనసుంటే, కాలేజీ మంచిదయితే, పోయిన ఏడాది ఆ శాఖలో చదివినవారెందరికి, ఏ కంపెనీలో, ఎంత జీతానికి ఉద్యోగం వచ్చిందో రాతపూర్వకంగా చూపిస్తే, కట్టండి. రోడ్డు పక్కన హోర్డింగు మీద ఒకే కుర్రవాని ఫోటో వేసి లక్షల జీతం అని రాస్తారు. మిగిలిన మూడు వందల మంది ఫోటోలు ఏవి? బ్రోకరు మాట వినకండి. ఫీజులను నిర్ణయించేందుకు రాష్ట్రంలో కమిటీ ఉన్నది, ఏ కాలేజీకి ఎంత అన్నది ప్రభుత్వ ఉత్తర్వులో ఉంటుంది. దానికి మించి డొనేషను అడిగితే అది నేరం, 1983 నుండే చట్టం ఉన్నది. అడ్మిషను రోజుకు ముందు ఒక మామూలు రోజున, చెప్పకుండా, కాలేజీకి పోయి క్యాంటీనులో ఆఖరు సంవత్సరం పిల్లలతో టీ తాగండి. వారు అబద్ధం చెప్పరు, చెప్పే అవసరమూ లేదు.

కార్యవర్గానికి రెండు మనవులు చేసి కూర్చుంటాను. అడ్మిషన్ల కాలంలో ఆదివారం ఉదయాలు మన కార్యాలయం తెరిచి ఉంచండి. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కోవడానికి వచ్చే తల్లిదండ్రులు అట్లాగే కాగితాలు పట్టుకొని ఇక్కడికి వస్తారు. మనలో ఇంజనీర్లున్నారు, లెక్చరర్లున్నారు, బ్యాంకులో పనిచేసి రిటైరయినవారున్నారు. ఫీజు కట్టక ముందే ఒక గంట కూర్చొని ఆ కాగితాలు చూసి పెట్టండి.

రెండవది, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం. కుమారుని ఫీజుకు సహాయం అడిగే ప్రతి తండ్రీ ఇంట్లో ఉన్న కుమార్తెలు ఏమి చదువుతున్నారో, మానివేసి ఉంటే ఏ ఏడాది మానివేశారో రాయవలసిన గడి ఒకటి ఆ ఫారంలో చేర్చండి. ఆ గడి ఖాళీగా ఉన్న దరఖాస్తును ఈ ఏడాది నుండి తిప్పి పంపండి.

సెలవు. ఖుదా హాఫిజ్.