అపరాధ రుసుము అడ్డుగోడ కారాదు



ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ ఆలస్య రుసుములెన్నో వసూలు చేశాను. కలిగినవారు రుసుము కట్టి, మళ్ళీ ఆలస్యం చేసేవారు. లేనివారు ఆ ఛాయలకే రావడం మానేసేవారు. ఈ అనుభవం వల్లనే న్యూయార్క్ గ్రంథాలయాల నిర్ణయం ఒకటి నన్ను ఆకర్షించింది.

ఆ నగరంలో మూడు గ్రంథాలయ వ్యవస్థలున్నాయి. గడువు దాటిన పుస్తకాలపై జరిమానా బకాయి 15 డాలర్లకు చేరితే సభ్యుని కార్డు నిలిపివేసేవారు. అలా నిలిచిపోయిన కార్డులు సుమారు 4,00,000. వాటిలో సగానికి పైగా పేదల పేటలవే. పుస్తకం ఎవరికి ఎక్కువ అవసరమో, వారికే తలుపు మూసుకుపోయిందన్నమాట. 2021 అక్టోబరులో మూడు వ్యవస్థలూ ఆలస్య జరిమానాను ఎత్తివేసి, పాత బకాయిలను కూడా రద్దు చేశాయి.

ఇక పుస్తకాలు తిరిగి వస్తాయా అని మీరడగవచ్చు. బాధ్యతను ఎవరూ రద్దు చేయలేదు. పుస్తకం పోగొట్టినవారు దాని వెల చెల్లించవలసిందే. షికాగో నగరం 2019లో జరిమానా తొలగించగానే, ఏళ్ళ తరబడి ఇళ్ళలో ఉండిపోయిన పుస్తకాలు సైతం తిరిగి వచ్చాయి. భయం తొలగితే మనిషి తిరిగి వస్తాడు. అతనితో పుస్తకమూ వస్తుంది.

మనమూ ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నాం. కనుక గ్రంథాలయం మనకు ఎవరో పెట్టే భిక్ష కాదు, మన హక్కు. మీ ఇంట గడువు దాటిన పుస్తకముంటే రేపే తిరిగి ఇచ్చి రండి. జరిమానా కట్టలేక ఏ బిడ్డయినా చదువు మానుకుంటే, ఆ విషయం జిల్లా గ్రంథాలయ సంస్థకు వినతిపత్రంగా రాద్దాం. రాసిపెట్టడానికి నేను సిద్ధం.